తీసేసిన వాన

ఒకటిన్నర జీబీ.
మిల్లు కాంటా గదిల కూసోని దించుకున్న,
లారీకీ లారీకీ నడుమ.
ఆ దినం డేటా అంత దానికే పోయింది.

బంగారుగడ్డ సందుల, ఖాజన్న దుకాణంల
గంటకు ఇరవై రూపాయలిచ్చి ఆడిన ఆట ఇది.
తలుపుకు గోనెపట్టా కట్టి
ఎండను బయటనే నిలవెట్టేటోడు ఖాజన్న.
లోపల ఎప్పుడూ రాత్రే,
ఎప్పుడూ ఘాట్ రోడ్డే,
ఎప్పుడూ వానే.

ఆ వాన సంగతి చెప్పాలె.
మూడో మలుపు కాడ సురువైతుండె.
ముందుగాల అద్దం మీద నాలుగు చుక్కలు,
ఎనుకనే వైపర్లు,
ఇగ రోడ్డంత నల్లగ మెరిసి
ముందటి కారు ఎర్రలైట్లు నీళ్లల్ల సాగి సాగి కనవడేటియి.
చక్రం మట్టిల దిగితే
జాయ్‌స్టిక్ చేతుల గుర్రుమంటుండె,
ఒడిసిపట్టిన పిల్లి లెక్క.

దాని ఎడమ పుల్లకు రబ్బరు అరిగితే
సైకిల్ ట్యూబు ముక్క అంటించిండు ఖాజన్న.
సైదులు ఎప్పుడూ దాన్నే పట్టుకుంటుండె.
మలుపు ఎటుంటే ఒళ్లు అటు వంచుతుండె.
ఆని మోచెయ్యి నా డొక్కల దిగేది,
నా కారు లోయల దిగేది.
"ఆడుమంటే పొడుస్తవేందిరా?"
"నేనేం జెయ్యాలె, మలుపుర బై!"

ఇప్పుడూ అదే పేరు, అదే ఎర్ర కారు బొమ్మ.
స్టీరింగంటే గాజు మీద గీసిన సున్నా.
రోడ్డేమో నా బొటనవేలి కిందనే దాక్కుంది.
ఎటు తిప్పాల్నో చూడాలంటే వేలు తియ్యాలె,
వేలు తీస్తే కారు ఆగుతది.
మూడు పందేలకే పెట్రోలు అయిపోయింది.
నాలుగు గంటలు ఆగుమన్నది,
లేకుంటే ఎనభై తొమ్మిది రూపాయలు కట్టుమన్నది,
అదీ కాకుంటే
ముప్పై సెకన్లు పేకాట అడ్వటైజుమెంటు చూడుమన్నది.
చూసిన.
రెండు లీటర్లు పోసిండ్రు.

పక్క కారుకు పేరుంది, జెండా ఉంది.
దాంట్ల ఎవ్వలూ లేరు.
నేను ఎనుకవడితే అదీ ఎనుకవడుతది,
ఓడిపోతే నేను మళ్ల రానేమోనని దాని భయం.

మూడో మలుపు వచ్చింది.
వాన రాలే.
సెట్టింగులల్ల దేవులాడిన. ఏడ లేదు.
కొండ మీద మిట్టమధ్యాహ్నం ఎండ.
ఫోను మాత్రం చేతుల కాగుతున్నది
రొట్టెల పెనం లెక్క.

రాత్రి పదకొండింటికి
త్రిపురారం దిక్కుకెల్లి వడ్ల డీసీఎం వచ్చింది.
స్టీరింగు మీద సైదులు.
కిటికీలకెల్లి ఫోనందిచ్చిన.
ఇంజను బందు చెయ్యకుంటనే ఒక పందెం ఆడిండు.
మలుపు కాడ ఒళ్లు వంచిండు,
మోచెయ్యి ఠప్పున డోరుకు తగిలింది.
కారు గోడకు గుద్దింది.
ఫోను వాపసిచ్చుకుంట అడిగిండు:
"ఇండ్ల వానేదిరా?"
"తరుగు తీసిండ్రు."

నవ్వుడు అయిపోకముందే
వజీరాబాదు మీద మబ్బు మెరిసింది.
ఇద్దరం ఒక్కసారే మీదికి చూసినం.
వడ్ల మీద పట్టా ఒక మూలకు చినిగుంది.
తేమ పదిహేడు దాటితే
బస్తాకు ఎన్ని కిలోలు కోస్తరో ఆనికీ తెలుసు, నాకూ తెలుసు.
"వద్దురా నాయినా, రేపు రా" అన్నడు సైదులు మబ్బుతోని,
ఇప్పుడే వాననడిగిన నోటితోని.

కాంటా మీద పదకొండు వేల ఆరువందల నలభై.
"దిగు, డ్రైవరు బరువు కలపొద్దు" అన్న.
దిగి, పట్టా గుంజనీకి ఎనుకకు ఉరికిండు.
ఎర్ర అంకెలు జెరసేపు ఊగినయి,
డెబ్బై కిలోలు తగ్గి ఆగినయి.
చీటీ మీద రాయనీకి పెన్ను తీసి
ఆ అంకెనే చూసుకుంట కూసున్న.

జేబుల ఫోను గుర్రుమంది.
పెట్రోలు నిండిందట, రమ్మంటున్నది.

గది అద్దం మీద నాలుగు చుక్కలు.
అవతలికెల్లి సైదులు ఒర్రుతున్నడు,
పట్టా రెండో కొస పట్టరాదురా అని.